విమానం వెనుదిరిగితే పాపం ఎవరిది?

ప్రభువునందు ప్రియులైన సహోదరులారా, సహోదరీలారా! మైకు నా చేతికిచ్చేముందు మన పాస్టరుగారు నా చెవిలో "అయ్యగారూ, కాస్త నెమ్మదిగా చెప్పండి" అన్నారు. ప్రయత్నిస్తాను. కాని నేను చెప్పబోయే సంగతి కోపంతో మొదలై, కోపంతోనే చాలా దూరం నడుస్తుంది. ఆ కోపం నడిమధ్య ప్రభువు నా ఇంటికి చేసిన మేలున్నది. కోపాన్ని పక్కనపెట్టి మేలును మాత్రమే చెప్పమంటే, అది సాక్ష్యం కాదు, అలంకారశాస్త్రం. ఆ శాస్త్రాన్ని ఈ తిరువూరులో బడిపిల్లలకు చెప్పి చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి, ఇక్కడ మళ్లీ మొదలుపెట్టను.

ముందుగా ఆ చీకటి దినాలను చెప్పాలి. నా భార్య మార్తమ్మ కాళ్లలోకి మొద్దుతనం ప్రవేశించింది. వంటింట్లోంచి వసారాలోకి వచ్చేసరికి ఒక కాలి చెప్పు జారిపోయి ఉండేది. జారిపోయిందని నేను చూపిస్తేగాని ఆమెకు తెలిసేది కాదు. "నేల మెత్తగా ఉందండీ, దూదిమీద నడిచినట్టుంది" అనేది. విజయవాడలో ఒక వైద్యుడు స్కాన్ తీయించి, వీపు పైభాగంలో వెన్నుపాము పక్కన ఒక కణితి పెరుగుతున్నదనీ, అది ప్రాణాంతకమైన జాతి కాదుగాని నరాన్ని గోడకు అదిమినట్లు అదుముతున్నదనీ చెప్పాడు. "ఆలస్యం చేస్తే నడక పోతుందండీ. పోయాక ఎంత గొప్ప డాక్టరైనా తిరిగి తేలేడు" అన్నాడు. ఆ శస్త్రచికిత్సలో చేయితిరిగిన సర్జను ఢిల్లీలో ఉన్నాడన్నాడు. రైలు కుదుపులకు ఆ నరం ఓర్చుకోలేదు, విమానంలోనే తీసుకువెళ్లండి అన్నాడు. జీవితంలో ఏనాడూ విమానమెక్కని మేమిద్దరం, ప్రభువు నామాన్ని తలచుకొని గన్నవరం చేరి, ఆ లోహవిహంగాన్ని ఎక్కాము.

ఎక్కాము, ఎగిరాము, కృష్ణానది కిటికీలో వెండితీగలా కనిపించింది, మార్తమ్మ "ఎంత బాగుందండీ" అన్నది. అంతలోనే చెవుల్లో శూలాలు దిగినట్లు నొప్పి మొదలైంది. విమానం పైకి వెళ్లడం మానేసింది. కనబడిన నదే మళ్లీ కనబడింది. మూడోమారు అదే నది కనబడేసరికి మనుషుల్లో కలకలం పుట్టింది. సాంకేతిక సమస్య వల్ల తిరిగి గన్నవరంలో దిగుతున్నామని పైలట్ ఇంగ్లీషులో ప్రకటించాడు. అప్పుడు చూడాలి జనాన్ని! ఒకడు "డొక్కు విమానం ఎక్కించి చంపుతారా!" అని అరిచాడు. మా వెనుక వరుసలో ఒక పెద్దమనిషి ఫోను ఎత్తిపట్టుకొని "ఫ్రెండ్స్, బతికుంటే మళ్లీ కలుద్దాం" అని వీడియో తీసుకుంటున్నాడు. నేనూ ఊరుకోలేదు. "అమ్మాయీ, రోగిని తీసుకెళ్తున్నాను, ఎవరిని అడిగి వెనక్కి తిప్పారు?" అని ఎయిర్‌హోస్టెస్ మీద విరుచుకుపడ్డాను. ఆ పిల్ల "సార్, కూర్చోండి సార్, బెల్టు పెట్టుకోండి సార్" అన్నదే తప్ప మరో మాట అనలేదు. కిందికి దిగేటప్పుడు రన్‌వే పక్కన ఫైరింజన్లు వరుసగా నిలబడి ఉండటం చూసి మార్తమ్మ నా చెయ్యి పట్టుకున్నది. కాళ్లలో లేని బలమంతా ఆ చేతిలో ఉన్నది.

క్షేమంగా దిగాము. దిగేచోట తలుపు దగ్గర నిలబడి ఉన్న పైలట్‌ను నేను నిలదీశాను. లోపల గాలిపీడనం నిలవడం లేదని సూచన వచ్చింది, అందుకే తిరిగి వచ్చాము, క్షమించండి అని అతడు వినయంగా చెప్పాడు. నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే స్థితిలోనూ లేను. సాయంకాలం మరో విమానం ఏర్పాటు చేస్తామన్నారు, కాని అప్పటికే మార్తమ్మ వీపునొప్పితో కూర్చోలేకపోతున్నది. కారు మాట్లాడుకొని నూజివీడు మీదుగా ఇంటికి వచ్చేశాము. ఆసుపత్రివారు మరో తేదీ ఇచ్చారు. ఇంతవరకు జరిగినదానిలో ఏ కీడూ లేదు సహోదరులారా! కీడు ఇక్కడ, ఈ మందిరంలో మొదలైంది.

మన మందిరంలో ఒక ఆచారం ఉన్నది కదా, ఆపద తప్పినవారు ఆదివారం లేచి స్తుతి చెల్లించడం. నేను లేచాను. ఇప్పుడు నా నోట వెలువడిన ఒక మాటను గురించి చెప్పాలి. ఈ ఊళ్లో చెట్టుకింద కూరగాయలమ్మే తల్లి కూడా "టెక్నికల్ ప్రాబ్లం" అంటుంది. నేను అననుగదా! కోపంలో తప్ప పరభాషా పదం నా నాలుకమీద నిలవదు. నిండుసభలో "యంత్రమున దోషము కనబడుటచేత విమానము వెనుదిరిగినది, దేవుడు మమ్మును కాచెను" అన్నాను. నాలుగు రోజుల ఉజ్జీవ కూటాల కోసం వచ్చిన ఆ అతిథి ప్రసంగీకుడు వేదికమీద కూర్చొని ఆ ఒక్క మాటను పట్టుకున్నాడు. దోషము! మన పరిశుద్ధ వాక్యంలో ఆ మాటకున్న పాపమనే అర్థమొక్కటే అతనికి తెలుసు, అతని నిఘంటువులో ఆ పదానికి రెండో వరుస లేదు.

ఆ సాయంకాలమే అతడు ఈ వేదిక ఎక్కి గర్జించాడు. "దోషము కనబడిందంట! అయ్యలారా, ఎవరి దోషం? విమానం ఇనుము. ఇనుముకి దోషం ఉంటదా? మనిషికే ఉంటది! పూర్వం నడిసముద్రంలో ఓడ ఎందుకు ఊగింది? దేవుడికి లోబడనివాడు ఒకడు లోపల పడుకున్నాడు కాబట్టి! ఈ కుటుంబంలో ఏదో దాగుంది. అది ఒప్పుకునేదాకా ఏ విమానమూ వీళ్లని మొయ్యదు!" అన్నాడు. మీరు "ఆమేన్" అన్నారు! అందరూ కాదు. అన్నవారి గొంతులు నేను గుర్తుపట్టాను. సంధులూ సమాసాలూ పలికించిన గొంతులు కదా, గుర్తుపట్టకుండా ఎలా ఉంటాను?

మరునాటినుంచి మా ఇంటికి పరామర్శలు మొదలయ్యాయి. పరామర్శ అని పేరు, జరిగింది సోదా. "వదినా, ఒకసారి ఆలోచించుకో. మనకి తెలీకుండానే ఏదో చేసుంటాం" అని ఒకామె. ఏదీ దొరక్క చివరికి ఇంకొకామె బయటికి తీసింది: "ఆమధ్య నెమలి ఊరెళ్లావు కదొదినా? గుళ్లో పులిహోర తిన్నావంట కదా?" మార్తమ్మ చిన్నప్పుడు తనతో బడికి వెళ్లిన స్నేహితురాలు నెమలిలో ఉన్నది, రైతు కుటుంబం, ఆమె మనవడికి వేణుగోపాలస్వామి గుడిదగ్గర అన్నప్రాసన చేస్తే, పిలిచారని వెళ్లింది, పెట్టింది తిని వచ్చింది. "తిన్నానమ్మా. అడిగి రెండోసారి కూడా పెట్టించుకున్నా. చింతపండు బాగా పట్టింది" అన్నది మార్తమ్మ నవ్వుతూ. వాళ్లు వెళ్లిపోయాక గోడవైపు తిరిగి పడుకొని ఏడ్చింది.

ఆ రాత్రి భోజనం ముట్టలేదు. మరునాడు నాతో, "ఏమండీ, దేవుడే వద్దని తిప్పి పంపాడేమోనండీ. నేను రాను. నడవలేకపోతే కూర్చుంటాను. కూర్చునే ప్రార్థన చేసుకుంటాను" అన్నది. బతిమాలాను. గద్దించాను. ఒక్కటే మాట, రాను. అవతల ఆమె మోకాళ్లదాకా మొద్దుతనం ఎక్కుతున్నది. గోడ పట్టుకొని నడిచే మనిషి మంచం దిగలేని స్థితికి వచ్చింది. ఒక మాట, ఒక్క మాట, కత్తి పట్టినవాడు చేయలేని పని చేసింది, నా భార్య కాళ్లను నరుకుతున్నది!

సహోదరులారా, నా కోపాన్ని ఏమని వర్ణించను! టీవీ పెడితే "గాల్లో ప్రాణాలు" అని ఎర్రక్షరాలు. వీధిలోకి వెళితే "ఏంటి సార్, త్రుటిలో తప్పిందంటగా" అని జాలి. మందిరానికి వద్దామంటే వేలెత్తి చూపినట్లు చూసే కళ్లు. మన పెద్దలు ప్రభువును ఎరగని రోజుల్లో, బయలుదేరినవాడు వెనక్కి వస్తే అశుభమని, కాసేపు కూర్చొని మంచినీళ్లు తాగి మళ్లీ కదలాలని అనుకునేవారు. మనం శకునాలను విడిచి వచ్చామని గొప్ప చెప్పుకుంటాము. విడిచామా? ఆ శకునానికే బాప్తిస్మమిచ్చి, తెల్లబట్టలు కట్టి, మందిరంలో ముందువరుసలో కూర్చోబెట్టాము! పాత నమ్మకమైతే మంచినీళ్లతో పోయేది. ఈ కొత్త నమ్మకం నా ఇంటిదాని నడకను అడుగుతున్నది!

ఆ మధ్యాహ్నం, మార్తమ్మ నిద్రపోతుండగా, నేను పెరట్లోకి వెళ్లి మోకరించాను. మోకరించానన్నమాటేగాని అది విన్నపం కాదు, వ్యాజ్యం. "ప్రభువా! నువ్వే ఆ విమానాన్ని ఆపితే నాతో చెప్పు, నేను నోరు మూసుకుంటాను. నువ్వు ఆపకపోతే, నీ పేరుతో మాట్లాడే నోళ్లను ఆపు. పులిహోర కోసం కాళ్లు తీసేవాడివైతే నిన్నెందుకు నమ్మాను? నువ్వు అలాంటివాడివి కావని నాకు తెలుసు. తెలిసిన నాకు చెప్పడానికి మాట దొరకడం లేదు, పండితుణ్ణయి ఉండి మూగవాణ్ణయ్యాను. మాటనివ్వు తండ్రీ!" అని, ఏడుస్తూ, పళ్లు కొరుకుతూ ప్రార్థించాను. ఇంతటి కోపంతో ప్రార్థించవచ్చునా అని మీరడగవచ్చు. ప్రభువు చెవులు అంత సుకుమారమైనవి కావు.

ప్రభువు నాకు దేవదూతను పంపలేదు. నా బావమరిదిని పంపాడు.

మార్తమ్మ తమ్ముడు ఇన్నయ్య మీలో కొందరికి తెలుసు. వైమానిక దళంలో విమానాల మరమ్మతు విభాగంలో పనిచేసి పింఛను పుచ్చుకొని, ఎ.కొండూరులో ఉంటున్నాడు. కతోలికుడు. నోరు పెద్దది, నవ్వు అంతకన్నా పెద్దది, తనకు తెలిసినదానికి రెండింతలు చెబుతాడు. నేను అతణ్ణి పెళ్లినాటినుంచీ భరిస్తున్నాను. అక్క ఫోను ఎత్తడం లేదని స్కూటరు మీద వచ్చాడు. గుమ్మంలోనే, "ఏంటి బావా, విమానం ఎక్కి మళ్లీ అదే చోట దిగావంట! మా సర్వీసులో అట్టా దిగితే మందు పార్టీ ఇచ్చేవాళ్లం. నువ్వు మొహం వేలాడేశావేంటి?" అన్నాడు.

"నోరు మూసుకో ఇన్నయ్యా. నీకన్నీ పరిహాసమే. చావు అంచుదాకా వెళ్లొచ్చాము" అన్నాను.

"చావు అంచా? అంచు కాదు కదా, దాని ఊరి పొలిమేరకి కూడా పోలేదు మీరు. కూర్చో, చెబుతా. అక్కా, నువ్వూ విను."

మార్తమ్మ మంచం మీదినుంచే ఇటు తిరిగింది.

"మీకు విమానమంటే గాల్లో బస్సు. అదే తప్పు. బస్సు ఆగిపోతే రోడ్డు పక్కన పెడతాడు, దిగి టీ తాగుతాం. గాల్లో పక్కన పెట్టడానికి ఏముంది, మేఘమా? అందుకని పాడయ్యాక కాదు, అనుమానం రాగానే వెనక్కొస్తారు. ఇప్పుడు నీ చెవులు నొప్పి పెట్టాయన్నావు కదా. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుద్ది బావా, అక్కడ మనకి ఊపిరాడదు. అందుకని ఇంజన్ల దగ్గర నుంచి గాలి తీసి, చల్లార్చి లోపలికి నింపుతారు. ఎక్కువైన గాలిని కొలిచి బయటికి వదలడానికి వెనక ఒక వాల్వు ఉంటది. తలుపుల చుట్టూ గాలి పోకుండా రబ్బరు ఉంటది. వీటిల్లో ఎక్కడ తేడా వచ్చినా లోపల గాలి నిలవదు, పైలట్ ముందర దీపం వెలుగుద్ది. కిందున్నంతసేపు ఎవరికీ ఏమీ కాదు. పైకి పోతేనే ప్రమాదం. అందుకని వాడు పైకి పోలా. అంతే కథ."

"మరి కిందనే ఢిల్లీదాకా పోవచ్చు కదా?" అన్నాను, ఓడిపోవడం ఇష్టంలేక.

"పోవచ్చు, దారిలో ఇంధనం అయిపోతే నువ్వు దిగి తోస్తావా? కింద గాలి చిక్కన, ఎక్కువ తాగుద్ది."

"అన్ని చక్కర్లు ఎందుకు కొట్టాడయ్యా? దిక్కుతోచకనే కదా?"

ఇన్నయ్య తొడ చరుచుకొని నవ్వాడు. "అదీ పాయింటు! ఢిల్లీకి సరిపడా ఇంధనంతో లేచింది. అంత బరువుతో వెంటనే దిగితే బండికి దెబ్బ. నిజంగా ప్రాణం మీదికొస్తే బరువూ గిరువూ చూడరు, తిన్నగా తెచ్చి దించేస్తారు. తొందర లేదు కాబట్టే తిరిగి తిరిగి కాల్చి, తేలికయ్యాక దించాడు. అంటే ఏంటి? ప్రమాదం లేదు కనకే చక్కర్లు! మీరేమో చక్కర్లు చూసి చచ్చామనుకున్నారు."

"ఆ ఫైరింజన్లురా?" అన్నది మార్తమ్మ.

"పెళ్లికి బ్యాండు రాదా అక్కా? అట్టాగే. పిలవడం పద్ధతి. ఒక్కోసారి చక్రాలు మడుచుకోవు, ఒక్కోసారి పక్షి తగులుద్ది, ఒక్కోసారి ఏమీ ఉండదు, కాఫీ కాచే చోట కాలిన వాసన వస్తది. ఒక్కోసారి మీటరే అబద్ధం చెబుద్ది. అది అబద్ధమో నిజమో గాల్లో కూర్చుని తేల్చుకోరు, దిగి తేల్చుకుంటారు. ముఖ్యమైంది ఏదైనా రెండేసి ఉంటయ్. ఒకటి పోతే రెండోది నడిపిద్ది. కానీ ఆ రెండోదాన్ని నమ్ముకుని దూరం పోకూడని సంగతులు కొన్ని ఉంటయ్. ఆ రెండోది ఢిల్లీ పోడానికి కాదు బావా, ఇంటికి రాడానికి."

నేను ఎయిర్‌హోస్టెస్‌ను గద్దించింది, పైలట్‌ను నిలదీసింది, ఆ బెల్టు పెట్టుకోమన్న పిల్ల ముఖం, అన్నీ నా కళ్లముందు తిరిగాయి. ఆ వేళ మమ్మల్ని కాచినదే మేము తిట్టినది! అప్పుడు మార్తమ్మ మెల్లగా అడిగింది.

"ఒరే ఇన్నయ్యా, మరి అది ఎవరి పాపం వల్ల పాడైందిరా?"

"పాపమేంటే?"

ఆమె చెప్పింది. ప్రసంగం, పరామర్శలు, పులిహోర, అన్నీ చెప్పింది. ఇన్నయ్య ముఖంలో నవ్వు పోయింది. నేనతణ్ణి అంత కోపంగా ఎన్నడూ చూడలేదు.

"అక్కా, ఆ విమానం నిండా జనం ఉన్నారు కదా. బిర్యానీ తిన్నోళ్లున్నారు, తిట్లు తిన్నోళ్లున్నారు, లంచాలు తిన్నోళ్లు ఖాయంగా ఉంటారు. అంతమందిలో దేవుడికి నీ పులిహోరే దొరికిందా? ఏది పాడైందో నాకు తెలవదు, విప్పి చూసినోడికే తెలుసు. వాల్వో, మీటరో, రబ్బరో. రబ్బరు ముసలిదైతే బిగువు పోద్ది. నీ మోకాళ్లు ముసలివి కాలా? అవి ఏ గుళ్లో ఏం తిన్నాయంట?"

మార్తమ్మ నవ్వింది. మొదట మెల్లగా, తరువాత వీపు నొప్పిపుట్టేటంత గట్టిగా, కళ్లనీళ్లు కారేటట్లు నవ్వింది. సహోదరులారా, ఆ నవ్వులోనే విడుదల ఉన్నది! మాటనివ్వు తండ్రీ అని నేనడిగితే ఆయన మాటను నా నోట కాదు, ఈ వాగుడుకాయ నోట ఉంచాడు, దేవునికే మహిమ! ఆమె కళ్లు తుడుచుకొని, "టికెట్లు తియ్యండి. కానీ నేను దొంగలా పోను. మందిరానికి తీసుకెళ్లండి, సంఘం ప్రార్థన చేసి పంపాలి" అన్నది.

అది ఉజ్జీవ కూటాల ఆఖరి సాయంకాలం. మీరందరూ ఉన్నారు. ఇన్నయ్యా నేనూ ఆమెను కుర్చీతో సహా మోసుకువచ్చి ఇక్కడ దింపాము. ప్రసంగీకుడు మమ్మల్ని చూసి సంతోషించాడు, ఒప్పుకోవడానికి వచ్చామనుకున్నాడు. "చెప్పండి అయ్యగారూ, దేవుని ముందు మనసు విప్పండి" అన్నాడు. విప్పాను!

"అయ్యా, దోషమన్న మాట నాది. నా మాటకు నన్నే అర్థం చెప్పనివ్వండి. పద్యంలో యతి తప్పితే దోషమంటాము. కవి నరకానికి పోడు, దిద్దుకుంటాడు. వాతపిత్తకఫాలను వైద్యుడు దోషాలంటాడు; మందిస్తాడు, సంఘంలోనుంచి వెలివేయడు. యంత్రంలో దోషమంటే ఎక్కడో మరమ్మతు కావాలని. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఇది ఎవరి పాపమని శిష్యులడిగితే, మన ప్రభువు వీడిదీ కాదు, వీణ్ణి కన్నవారిదీ కాదన్నాడు. తానే అడగని ప్రశ్నను మీరు నా భార్యను అడిగారు. ఆ ప్రశ్నకు ఆమె కాళ్లు మూల్యం కావలసి వచ్చేది!" అన్నాను. నా గొంతు ఈ పైకప్పుకు తగిలింది.

"అయ్యగారూ, దేవునితో వాదానికి దిగుతున్నారా?" అన్నాడతడు.

"దేవునితో కాదు బాబూ, మీతో" అన్నాను.

అతడు వేరొక మాట ఎత్తబోయాడు. అప్పుడు మన పాస్టరుగారు, అంతవరకు మౌనంగా ఉన్న పాస్టరుగారు, లేచి వేదిక దిగివచ్చి, "ఇక ప్రసంగం చాలండి. అమ్మ ప్రయాణానికి ప్రార్థన చేద్దాం" అని మార్తమ్మ కుర్చీ పక్కన నేలమీద మోకరించారు. ఆయన మోకరిస్తే మీలో ఒక్కొక్కరే మోకరించారు. ఆ ప్రార్థన నేను మరువను. ఆ ఆమేన్‌లోనూ మీ గొంతులు గుర్తుపట్టాను.

రెండోమారు విమానమెక్కాము. ఇన్నయ్య తోడు వచ్చాడు, అడగకపోయినా వచ్చాడు. నేలమీదినుంచి లేవగానే కాళ్లకింద ఏదో దబ్బుమని చప్పుడైంది. ఇన్నయ్య భుజం పట్టుకున్నాను. "చక్రాలు లోపలికి పోయినయ్ బావా. పోతే మంచిది, పోకపోతే మళ్లీ గన్నవరం" అన్నాడు ఇన్నయ్య. మార్తమ్మ కళ్లు మూసుకొని పైకే ప్రార్థించింది. "ప్రభువా, ఎక్కడన్నా తేడా ఉంటే మమ్మల్ని వెనక్కి తిప్పు. మేం సిగ్గుపడం. తేడా లేకపోతే చేర్చు. ఈ నడిపే పిల్లలకి తెలివినివ్వు, కాస్త భయం కూడా ఇవ్వు." నేను ఎన్నో ప్రార్థనలు విన్నాను, కొన్నింటిని వ్యాకరణబద్ధంగా దిద్దాను కూడా. ఆ ప్రార్థనలో దిద్దడానికి ఒక అక్షరం లేదు.

చేరాము. శస్త్రచికిత్స ఒక పూటంతా పట్టింది. బయట బల్లమీద కూర్చొని నేను నిశ్శబ్దంగా ఏడుస్తుంటే, ఇన్నయ్య జపమాల తిప్పుతూ, ఆ ఒక్కపూట ఒక్క హాస్యమూ ఆడలేదు. సర్జను వచ్చి కణితి మొత్తం తీసివేశామని, నరం నలిగిందిగాని చావలేదని, ఇంకొంత ఆలస్యమై ఉంటే చేయగలిగింది ఉండేది కాదని చెప్పాడు. ఆలస్యం! ఆ మాట వినగానే నాకు మళ్లీ ఒళ్లు మండింది. పులిహోర పేరు చెప్పి ఎంత దగ్గరగా తెచ్చారు ఆ అంచుకు! మూడోనాడు ఒక నర్సు వచ్చి, మార్తమ్మ కళ్లు మూయించి, కాలివేలు తాకి ఏ వేలో చెప్పమని హిందీలో అడిగింది. ఇన్నయ్య తెలుగు చేశాడు. మార్తమ్మ "చిటికెన వేలు. గోరు గుచ్చుకుంటుందిరా, ఈ పిల్లని గోళ్లు కత్తిరించుకోమని చెప్పు" అన్నది. నేను నిలబడ్డచోటనే మోకాళ్లమీద పడ్డాను. హల్లెలూయా!

సహోదరులారా, ఎడమకాలు ఇంకా పూర్తిగా స్వాధీనం కాలేదు. లేనిది ఉన్నట్లు చెప్పి ప్రభువుకు నేను అబద్ధపు కీర్తి తేను. కాని ఇవాళ ఆమె మా ఇంటినుంచి ఇక్కడికి నడిచి వచ్చింది, నేను వెనుక నడిచి వచ్చాను. ఇంతమంది చేతుల ద్వారా, సర్జను కత్తి ద్వారా, గాల్లో ఒక దీపం వెలిగితే అహంకారపడకుండా బండి తిప్పిన ఆ పైలట్ వివేకం ద్వారా నా ప్రభువు పనిచేశాడని నేను సాక్ష్యమిస్తున్నాను. ఆయన విమానాలను కూల్చి పాపాలు వెదికేవాడు కాడు!

నా కోపం ఇంకా చల్లారలేదు. చల్లారనివ్వకు తండ్రీ అని ప్రార్థిస్తున్నాను, ఎందుకంటే రేపు మీలో ఒకరి బిడ్డకు మూర్ఛ వస్తుంది, ఒకరి మామిడితోట ఎండుతుంది, ఒకరికి పురిటిలో కష్టమవుతుంది. అప్పుడు ఎవడో ఒకడు వచ్చి ఏ పాపం చేశావని అడుగుతాడు. ఆ రోజు ఆ గుమ్మంలో నేనుంటాను. వాడికి జవాబు నేను చెబుతాను, మీరు వైద్యుడి దగ్గరికి వెళ్లండి.

జబ్బుతో ఉన్నవారలారా, భయంతో ఉన్నవారలారా, ఎవరో నిందించారని దేవుడికే ముఖం చాటుచేసినవారలారా, రండి! మీలో ఏదో సరిగా లేదని తెలిస్తే దాచుకొని ఎత్తుకు ఎగరకండి, తిరగండి. తిరిగి వచ్చినవాణ్ణి ఎందుకొచ్చావని అడిగే తండ్రి కాడు ఆయన. ఆయనను నమ్మండి. ఆయన పేరు చెప్పి భయపెట్టేవారిని మాత్రం నమ్మకండి.

ఇంక నేను కూర్చుంటాను. ముగింపు ప్రార్థన నన్ను చేయమన్నారుగాని, ఇంత కోపంతో ఉన్నవాడు చేయకూడదని మార్తమ్మ తానే చేస్తానన్నది. అదిగో లేచింది. ఎవరూ పట్టుకోవద్దు, ఆమెకు ఇష్టముండదు. నిలబడేవరకు ఆగుదాము, తరువాత తలలు వంచుదాము.